ముప్పది దినముల ముగ్గు

(అమలాపురమున పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ప్రచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో నిన్నటి నుండి మీకు ఇంటిపన్ను వసూలును గూర్చియు, మంచినీటి చెరువులను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు పెద్దలు చెప్పిరి. నా వంతునకు వచ్చిన విషయము ముగ్గు. వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. నవ్విన నాకేమియు అభ్యంతరము లేదు. కాని ముగ్గును, సెల్‌ఫోనును కలిసిన చోట మీ వార్డులలోని ఇండ్లలో ఎన్ని మాటలు పెరుగుచున్నవో, ఎందరు ఆడపిల్లలు కన్నీరు పెట్టుకొనుచున్నారో మీలో స్త్రీ సభ్యులకు తెలియును. వారు నవ్వుట లేదు. కనుక ఈ ముప్పావు గంట నా మాట వినుడు.

ఇప్పుడు లోకమందంతట ఒక వాడుక వ్యాపించినది. ఒక నెలనో, నూరు దినములనో గడువుగా పెట్టుకొని, దినమునకొక్క బొమ్మ చొప్పున గీచి, ఏనాటి బొమ్మను ఆనాడే ఫోను ద్వారా పదిమందికి చూపుట. పిల్లలు దీనిని ఛాలెంజి యందురు. మనము పంతమనవచ్చును, వ్రతమన్న ఇంకను బాగుండును. 2009వ సంవత్సరమున అమెరికా దేశపు చిత్రకారుడు జేక్ పార్కర్ అక్టోబరు మాసమందలి 31 దినములును దినమునకొక్క సిరాబొమ్మ వేయుదునని పూనెను. తన సిరా పనితనమును మెరుగుపరచుకొనుటయే ఆయన యుద్దేశము. ఆ నెల పేరును, సిరా పేరును కలిపి దానికి ఇంక్‌టోబర్ అని నామకరణము చేసెను. చూచినవారు తామును మొదలుపెట్టిరి. ఏటేట వారి సంఖ్య పెరిగి, నేడది దేశదేశములలో అక్టోబరు నెల వచ్చినదనిన చిత్రకారులకు గుర్తువచ్చు నియమమైనది. దినమునకొక్క మాట చొప్పున పట్టిక ముందుగా ప్రకటింతురు; ఆ మాటను బట్టి బొమ్మ గీయవలెను. పండితుడైన చిత్రకారుడును, నిన్న కుంచె పట్టిన పిల్లవాడును ఒకే మాటకు బొమ్మ గీతురు.

ఇది విన్నప్పుడు మనవారు కొందరు ఇదేదో పడమటి దేశపు వింత యనుకొందురు. నాకట్లు తోచదు. గడువు, ఏ పూటకా పూట పని, పదిమంది చూపు, ఈ మూడును కూడిన కళాభ్యాసము మన కోనసీమ వీధులలో మన ముత్తవ్వల నాటి నుండి జరుగుచున్నది. సూర్యుడు ధనూరాశిని ప్రవేశించినంతనే, అనగా డిసెంబరు 16వ తేదీ ప్రాంతమున, నెల పట్టినదందురు. నాటి నుండి పండుగ వరకు ప్రతి తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, పేడతో గొబ్బెమ్మలు చేసి వానిపై గుమ్మడిపూవు నిలిపి, బంతిరేకులు చల్లుదురు. అదే మాసమున వైష్ణవాలయములలో ఆండాళ్ చెప్పిన తిరుప్పావై పాశురములు 30ని దినమునకొకటి చొప్పున అనుసంధింతురు. గుడిలోపల దినమునకొక పాట, గుడివెలుపల దినమునకొక ముగ్గు. నిన్నటి ముగ్గు నేటికి పనికిరాదు. చీపురుతో తుడిచివేసి మరల పెట్టవలసినదే. తాను పెట్టిన దానిని తానే మరునాడు తుడిచివేయుటకు ఎంత మనోనిబ్బరము కావలెనో బొమ్మలు గీయువారి నడిగిన చెప్పుదురు.

ముగ్గు వేయుట నలుగురు చూచుటకే. పెరటిలో ఎవరును రథము ముగ్గు పెట్టరు. వీధిని పోవు హరిదాసు చూచును, పాలు పోయవచ్చినవాడు చూచును, ఎదురింటి ఆమె చూచి పెదవి విరుచును. చూపు మాత్రమే కాదు, అందులో వర్తమానమును కలదు. వాకిట ముగ్గు లేని ఇంటిని చూచినంతనే అక్కడ జబ్బో మైలయో సంభవించినదని పొరుగువారు గ్రహించి పలుకరింప వత్తురు. టెలిఫోను లేని కాలమున ఇది వీధికంతకు వార్తాపత్రిక.

ముగ్గులో ఎంత లెక్క యిమిడి యున్నదో మగవారిలో చాలమంది ఎరుగరు. అందుచేత కొంచెము వివరముగా చెప్పెదను. స్త్రీ సభ్యులు క్షమింపవలెను. చుక్కలు రెండు విధములు. ఎదురు చుక్క యనగా చుక్క కెదురుగా చుక్క పెట్టుట. సందు చుక్క యనగా రెండు చుక్కల నడుమ సందున చుక్క పెట్టుట. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చువరకు అని ముగ్గుల పుస్తకమున వ్రాసియుండును. నడుమ వరుసలో 15. దానికి అటునిటు 14, 13, 12, ఇట్లు తగ్గుచు ఇరువైపుల 8 వరకు. మొత్తము వరుసలు 15. చుక్కలెన్నియో మీలో ఎవరైన నోటిలెక్కన చెప్పుడు. 169. ఈ 169 చుక్కలను నిలువున, అడ్డమున, ఏటవాలుగా మూడు దిక్కుల తిన్నగా వచ్చునట్లు, కొలబద్ద లేక, దీపపు వెలుతురులో, వేళ్ళ సందు నుండి జారు పిండితో నేలపై నిలుపుట పదునాలుగేండ్ల పిల్ల చేయు పని. ఒక్క చుక్క తప్పిన చివరకు మెలిక కలియదు. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకరాదు. చుట్టి చుట్టి బయలుదేరిన చోటికే వచ్చి కలియవలెను. ఈ పిల్లకే బడిలో లెక్కలు రావని ఉపాధ్యాయుడు వ్రాసి పంపును!

ఈ మాట నేను ఉత్సాహమున చెప్పుటలేదు. తాంబరము నందలి మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి, వారితోపాటు కమలా కృత్తివాసన్ కలిసి 1974వ సంవత్సరమున ముగ్గులను గూర్చి ఒక శాస్త్రపత్రము ప్రకటించిరి. తమిళులు ముగ్గును కోలమందురు. భాషకు వ్యాకరణమున్నట్లే ముగ్గునకును వ్యాకరణము కలదనియు, ఒక చిన్న ముగ్గు నుండి పెద్ద ముగ్గు పుట్టు విధమును సూత్రములుగా వ్రాసి కంప్యూటరునకు ఈయవచ్చుననియు వారు చూపిరి. కంప్యూటరు శాస్త్రమున అది నేటికిని పేర్కొనబడు పత్రము. వారు ముందుగా ఆలకించినది ముగ్గులు పెట్టు సామాన్య స్త్రీల మాటనే.

బొమ్మ కుదురుట జన్మతః వచ్చు వరమనియు, మన పిల్లలకది లేదనియు చాల మంది తలిదండ్రుల నమ్మిక. ఆ వరమేదో నాకు తెలియదు. దినదినము చేయుట మాత్రము కంటికి కనిపించును. మన గోదావరి తీరమునే చూడుడు. రాజమహేంద్రవరమున 1897లో పుట్టిన దామెర్ల రామారావు 1925లో, ఇరువదియెనిమిదవ యేట, మశూచికము వలన మరణించెను. అంత స్వల్పకాలములో ఆయన వేసిన చిత్రములు ఆ నగరమందలి చిత్రశాలను నింపియున్నవి. పాఠశాల పిల్లవాడుగా నున్నపుడే ఆయన చేతిని గుర్తించి ముందునకు నెట్టినవాడు అక్కడి కళాశాల ప్రధానాచార్యుడగు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ దొర చూడకున్న ఏమగునో చెప్పలేము. వసిష్ఠకు ఆవలి యొడ్డున నరసాపురమున 1933లో జన్మించిన బాపు పత్రికలకు బొమ్మలు వేసిన కాలమున గడువునకు బొమ్మ అందవలసినదే. మనసు కుదరలేదని పత్రిక ఆగదు. చూచువారుండుట, గడువుండుట, ఈ రెండును కళాకారుని చేతిని నడిపించును. మన పిల్లలు ఫోనులో వెదకుకొనుచున్నవి ఈ రెండే. వారి కోరిక తప్పు కాదు.

ఊరి పనితనమును లోకమునకు చూపుటలో కోనసీమ వెనుకబడినదియు కాదు. కనుమ నాడు అంబాజీపేట మండలమందలి జగ్గన్నతోటకు పదునొకండు గ్రామముల నుండి ఏకాదశ రుద్రుల ప్రభలు వచ్చును గదా. వెదురు కట్టి, రంగు వస్త్రములు చుట్టి నిలిపిన ఆ ప్రభలను వరిచేలలో నుండియు, కాలువలలో నుండియు భుజములపై మోసికొని వత్తురు. గంగలకుర్రు అగ్రహారము వారి ప్రభ ఎగువ కౌశికను దాటు దృశ్యము ఒకప్పుడు గట్టుపై నిలిచినవారికే దక్కెడిది. ఇప్పుడు అదే సాయంకాలము అమెరికాలో, గల్ఫు దేశములలో ఉన్న మన కోనసీమవారు ఫోనులో చూచుచున్నారు. 2023వ సంవత్సరపు గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ కర్తవ్యపథమున ఆంధ్రప్రదేశ్ శకటముగా నడచినది ఈ ప్రభల తీర్థమే. ప్రభను చూపినపుడు మనకెంత గర్వమో! మరి ముగ్గును చూపిన పిల్లను ఎందుకు గదమాయింతుము? ప్రభను మోయువారు మగవారు, ముగ్గు పెట్టువారు ఆడువారు అనునది తప్ప వేరు కారణము నాకు కనిపింపలేదు.

పేరు చెప్పక ఒక సంగతి చెప్పెదను. ఊరు కూడ చెప్పను. వసిష్ఠ పాయ నడుమనున్న ఒక లంక గ్రామము అనుకొనుడు. అక్కడ ఇంటర్మీడియెటు చదువు పిల్ల ఒకతె, నెల పట్టిన నాటి నుండి 30 దినములు 30 ముగ్గులు, ఒకటి వేసినది మరల వేయకుండ పెట్టెదనని తన స్నేహితురాండ్రతో పంతము పూనినది. ప్రతి ఉదయము వాకిట ముగ్గు పెట్టి, దాని ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామున ఉంచెడిది. మొదట చూచినవారు పదిమంది. క్రమముగా పెరిగిరి. హైదరాబాదున నున్న మేనత్త చూచి మెచ్చుకొన్నది. తొమ్మిదవ నాడు ముగ్గు పెట్టుచుండగా తమ్ముడు వీడియో తీసెను. అందులో పిల్ల ముఖము కనిపించినది. ఊరిలోని ఒక కుర్రవాడు ఆ వీడియోను తీసికొని, దానికి ఒక నీచమైన పాట అంటించి, యువకుల వాట్సాప్ గుంపులో వదలెను. మధ్యాహ్నమునకు తండ్రి చెవిని పడినది. ఫోను లాగికొనెను. మరునాటి నుండి వాకిటికి పోరాదని ఆజ్ఞ. పదవనాడు ఆ వాకిట ముగ్గు లేదు. ఏమి మైల వచ్చినదని పొరుగువారు పలుకరింప వచ్చిరి.

ఆ పిల్ల నాయనమ్మ డెబ్బది దాటిన మనిషి. ఆమె తిన్నగా వార్డు సభ్యురాలి ఇంటికి పోయి అడిగినది: "నా మనవరాలు చేసిన తప్పేంటమ్మా? ముగ్గేసింది. ఎవడో పాడుబుద్ధి చూపిత్తే మనం ముగ్గు మానేత్తామా?" సభ్యురాలు పెద్దగా చదువుకొన్నది కాదు. అయినను ఆమె చేసిన పని సక్రమముగా చేసినది. ముందు ఆ గుంపులోని వీడియోను తన ఫోనులో సాక్ష్యముగ భద్రపరచినది. సైబరు నేరముల ఫిర్యాదునకు దేశమంతటికి ఒకే సంఖ్య 1930 కలదని ఎరిగి, మేనమామ చేత ఫోను చేయించినది. ఆ పిదప కుర్రవాని తలిదండ్రులను పిలిపించినది. వారెదుటనే గుంపు నుండి దానిని తీసివేయించినది. ఆ తరువాత పిల్ల తండ్రి యింటికి పోయి, "తమ్ముడూ, దొంగ పడ్డాడని మనం ఇల్లు తగలేసుకుంటామా? తలుపుకి గడియ పెట్టుకుంటాం" అన్నది. తండ్రి రెండు దినములు మాటాడలేదు. మూడవ నాటికి ఒప్పుకొనెను. ముఖము కనిపింపరాదు, ముగ్గు మాత్రమే కనిపింపవలెను; ఖాతా తెలిసినవారికి మాత్రమే తెరచియుండవలెను; ఇవి ఆయన పెట్టిన నిబంధనలు. పిల్ల అంగీకరించినది.

పోయిన మూడు దినముల మాట తేలలేదు. లెక్కలోనికి తీసికొమ్మని సభ్యురాలు, తీసికొనరాదని పిల్ల. ఇంటిలోపల ఆ మూడు దినములును పుస్తకమున మూడు ముగ్గులు గీచియుంచినది గాని, అవి నేలపై పెట్టినవి కావు గనుక చెల్లవని ఆమె వాదము. చివరకు పండుగ వెళ్ళిన పిదప మూడు దినములు అదనముగా పెట్టి 30 పూర్తి చేసినది. సంక్రాంతి దాటిన తరువాత ఆ వీధిలో అంత పెద్ద ముగ్గులు పెట్టిన ఇల్లు అదొక్కటే.

నేనీ సంగతి చెప్పుటకు కారణము కలదు. పంచాయతీ పెద్దలు ఇట్టి తగవు వచ్చినపుడు సాధారణముగ పిల్ల వైపు తిరిగి "నీకెందుకమ్మా ఇదంతా" అందురు. అది తీర్పు కాదు. నేరము చేసినవానిని వదలి ముగ్గు పెట్టినదానికి శిక్ష వేయుటయే అది. అట్లని జాగ్రత్త అక్కరలేదనను. 13 ఏండ్ల లోపు పిల్లలకు ఖాతా కూడదని ఇన్‌స్టాగ్రాము వారి నియమమే కలదు. మన యూళ్ళలో ఎనిమిదేండ్ల పిల్లలకు తండ్రులే వయస్సు కల్పించి తెరచి యిచ్చుచున్నారు. పిల్లవాని ముఖము, బడి పేరు గల దుస్తులు, ఇంటి తలుపు సంఖ్య, ఒంటరిగా నుండు వేళ, ఇవి ఫొటోలో పడరాదు. ముగ్గును పైనుండి తీసిన ఫొటో ముగ్గునకు కూడ మంచిది. మెలికలు స్పష్టముగ కనిపించును. ఇంకొకరి ముగ్గును చూచి పెట్టినపుడు వారి పేరు వ్రాయుట మర్యాద. పూర్వము ముగ్గుల పుస్తకములలో సయితము పిల్లలు, ఫలాని అక్క చెప్పినది అని మూలను వ్రాసుకొనెడివారు.

చూచినవారి సంఖ్యను గూర్చి ఒక మాట. ఈ పంతములలో పిల్లలను కృంగదీయునది చెడ్డ వ్యాఖ్య కంటె ఆ అంకెయే. నిన్న నూటయిరువది, నేడు నలువది. ముగ్గులో లోపమేమియు లేదు. ఆ యంత్రము ఎవరికి ఏది చూపవలెనో తన లాభమును బట్టి నిర్ణయించును. పిల్లకిది తెలియదు. తన చేతిలోనే లోపమున్నదనుకొని పదునైదవనాడు మానివేయును. వాకిట ముగ్గును చూచు ఎదురింటామెకు ఇట్టి లెక్క లేదు. అందుచేత ఫోనులో చూపినను చూపకున్నను, ముగ్గును వీధిలో చూచి మాట చెప్పు మనుష్యులుండవలెను. ఆ మనుష్యులు మీరు కాగలరు.

ఫోనునే ఊరిలో లేకుండ చేయుదమని మొన్న ఒక అధ్యక్షుడు నాతో ఆవేశముగ పలికెను. 2022వ సంవత్సరము మే మాసమున అమలాపురమున అల్లర్లు జరిగిన పిదప జిల్లాలో ఇంటర్నెట్టు పలుదినములు నిలిపివేయబడిన సంగతి మనకందరకు జ్ఞాపకమే. విషమును వ్యాపింపనీయకుండుటకు నాడు ప్రభుత్వము చేసిన పని యది. ఇంటి నుండి కంపెనీల ఉద్యోగము చేసికొను పిల్లలు ఆ దినములలో సంకేతము కొరకు లాప్‌టాపులు పట్టుకొని గోదావరి గట్లకు పోయి కూర్చుండిరి. ఆపద నాటి కట్టడి నిత్యజీవనమునకు పనికిరాదు. పైగా అది పంచాయతీ చేతిలోని పనియు కాదు.

మరి మీ చేతిలోని పని యేది? 73వ రాజ్యాంగ సవరణ వలన 1993 ఏప్రిలు 24 నుండి పంచాయతీలకు పదునొకండవ షెడ్యూలు ఏర్పడినది. అందు 29 విషయములు కలవు. నీరు, రోడ్లు, పారిశుద్ధ్యము మీరు ఎరుగుదురు. ఆ పట్టికలోనే గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యకలాపములు, స్త్రీ శిశు అభివృద్ధి అను విషయములును కలవు. ముగ్గు ఈ మూడింటికిని చెందినది. కనుక దీనిని గూర్చి పంచాయతీలో మాటాడుట కాలము వ్యర్థము చేయుట కాదు.

సంక్రాంతికి ముగ్గుల పోటీలు ఇప్పుడు ప్రతి యూరను జరుగుచున్నవి. నాకవి అంతగా రుచింపవు. భోగి ముందునాడు హైస్కూలు మైదానమున తాళ్ళు కట్టి, గంటన్నర కాలములో ఎవరు ఎక్కువ రంగులు పోసిన వారికి మిక్సీ. దాత పేరుతో ముగ్గు కంటె పెద్ద బ్యానరు. అందు 30 దినములు తెల్లవారుజామున లేచిన పిల్లకు స్థానము లేదు. నేను చెప్పునది వేరు. నెల పట్టిన నాటి నుండి ప్రతి వార్డులో పేరు వ్రాయించుకొన్నవారి వాకిళ్ళను ఆ వార్డు సభ్యులు వారమునకు రెండు మూడు పర్యాయములు ఉదయమున చుట్టిరావలెను. ఒక నోటుపుస్తకమున తేదీ వేసి గుర్తు పెట్టవలెను. అందముగా నున్నదా లేదా అని మార్కులు వేయవద్దు; అందుకు మనకు శక్తి చాలదు. పెట్టిరా లేదా, మరల పెట్టిరా కొత్తది పెట్టిరా, అంతే. 30 దినములు పూర్తిచేసిన ప్రతివారికిని ఒకే విధమైన బహుమానము: మంచి గళ్ళ పుస్తకము, ఒక బొమ్మల పెట్టె. మొదటి బహుమతి, రెండవ బహుమతి అక్కరలేదు. ఖర్చు మిక్సీ కంటె తక్కువ.

మగపిల్లలు పేరిచ్చిన త్రోసిపుచ్చవద్దు. ముగ్గునకు బదులు దినమునకొక బొమ్మ కాగితముపై గీయుదుమన్నను సరే. కొబ్బరితోట, పడవ రేవు, పంటు, కాలువ లాకు, కొబ్బరి దింపు మనిషి, బండారులంక మగ్గము, పూతరేకులు అమ్మవచ్చిన మనిషి, ఇట్లు 30 మాటలు మీ ఊరి గ్రంథాలయపు గోడపై నెలముందే వ్రాసిన, దినమునకొక్క మాటకు బొమ్మ వచ్చును. గీసిన బొమ్మలను గ్రంథాలయమున తాడు కట్టి వ్రేలాడదీసిన, ఫోను లేని ఇంటి పిల్లకును చూచువారు లభింతురు. ఇది ముఖ్యము. ఫోను లేని పిల్లలు మన ఊళ్ళలో ఇంకను ఉన్నారు. వారు చెప్పరు, అంతే.

నేలను గూర్చియు కొంచెము చెప్పవలెను. సిమెంటు రోడ్లు వచ్చిన పిదప కళ్ళాపి నిలువక ప్రక్కనున్న మురుగు కాలువలోనికి జారుచున్నది. కాలువ నిండియున్నచో ఆ నీరే తిరిగి ముగ్గుపైకి వచ్చును. ధనుర్మాసమునకు ముందు కాలువలు తీయించుట ముగ్గు పెట్టువారికి మీరు చేయు మొదటి సహాయము. ఊడ్చు మనుష్యులకు కూడ ముగ్గున్న వీధిని ఉదయము ఎనిమిది దాటిన తరువాత ఊడ్వుమని చెప్పవచ్చును. బియ్యపు పిండితో పెట్టినది చీమలకు, పిచ్చుకలకు ఆహారము. ముగ్గురాతి పొడి అట్టిది కాదు, కాని చౌక. ఏది వాడినను దోషము లేదు. ఘాటైన రంగుపొడులు మాత్రము చిన్నపిల్లల కండ్లలో పడకుండ చూచుకొనవలెను. కొందరు ఈ శ్రమ ఏలయని ఎనామెలు రంగుతో వాకిట ముగ్గు శాశ్వతముగ వేయించుచున్నారు. అది చూచుటకు బాగుండవచ్చును. కాని నా దృష్టిలో అది గచ్చునకు వేసిన రంగు. తుడిచివేయుటకు వీలులేనిదానిలో మరునాటికి చేయవలసిన దేమున్నది?

చివరగా ఒక కష్టమైన సంగతి. పండుగ ముగియు దినమున, కొన్ని యూళ్ళలో కనుమనాడు, కొన్నిట ముక్కనుమనాడు, రథము ముగ్గు పెట్టుదురు. రథమునకు తాడు గీతురు. ఆ తాడును పొరుగింటి రథపు తాడుతో కలుపుదురు. ఆ యింటిది ఆవలి యింటితో. ఇట్లు ఒక తెల్లని గీత వీధి పొడవునను ఇండ్లన్నిటిని కలుపుకొని పోవును. పండుగలో నాకు మిక్కిలి ఇష్టమైనది ఇదే. నేను ఉద్యోగరీత్యా పలు గ్రామములలో ఆ గీత వెంట నడచితిని. చాల చోట్ల అది వీధి చివర ఆగిపోవును. అవతల పేట కలదు. అక్కడను వాకిళ్ళున్నవి, ముగ్గులున్నవి, రథములున్నవి, తాళ్ళున్నవి. నడుమ నూరు గజముల రోడ్డు మాత్రము ఖాళీగా నుండును. అది పంచాయతీ రోడ్డు. ఆ రోడ్డుపై ఇల్లు లేదు గనుక ముగ్గు పెట్టువారు లేరని కొందరు నాతో చెప్పిరి. కావచ్చును.

పోటీ యెక్కడ పెట్టినను గుడియెదుట పెద్దవీధిలోనే పెట్టుట వలన పేట పిల్లలు పేరీయరు. పిలిచితిమి, వారే రాలేదు అందుము. అందుచేతనే వార్డువారీగా, వారి వారి వాకిళ్ళలోనే చూడుడని చెప్పితిని. సభ్యులు వాకిటికి పోవలెను గాని వాకిలి సభ్యుని యొద్దకు రారాదు. ఇక ఆ నూరు గజముల విషయము. ఈ యేడు రథము ముగ్గు నాటి ఉదయమున పంచాయతీ సభ్యులలోని స్త్రీలు, ఏ వీధివారైనను సరే, అందరు కలిసి ఆ ఖాళీ రోడ్డుపై తాడు గీయవచ్చును. సగము స్థానములు స్త్రీలవే గనుక ఏ పంచాయతీలోనైనను స్త్రీ సభ్యులు కొందరుందురు. పిండి రెండు మూడు శేర్లు పట్టును. ఫొటో తీసికొందురో లేదో మీ ఇష్టము. ఒకవేళ మరునాడు ఎవరైన గొణిగిన, అది మరునాటికే తుడుచుకుపోవు గీత యని చెప్పుడు.

ధనుర్మాసము డిసెంబరు మధ్యను వచ్చును గనుక నవంబరు సమావేశపు అజెండాలో దీనిని చేర్చుకొనవలెను. పేర్ల నమోదునకు ఒక పుస్తకము, వార్డునకొక సభ్యురాలి బాధ్యత, 1930 సంఖ్యను పంచాయతీ నోటీసు పలకపై పెద్ద అక్షరములతో వ్రాయించుట, కాలువలు తీయించు తేదీ, గ్రంథాలయపు గోడకు 30 మాటల పట్టిక. ఆ పట్టికకు మాటలు చెప్పుటకు మీ ఊరి పిల్లలనే పిలువుడు. మన ముప్పది కంటె వారి ముప్పది బాగుండును. భోజన విరామమునకింక పావుగంట యున్నది. కొత్తపేట నుండి వచ్చిన సోదరి చేయి యెత్తుచున్నారు. మొదట వారిని అడుగనిండు.